ఇంట్లో ఒకరికి వాంతులు మొదలైతే మిగతావాళ్ళకి అంటకుండా ఆపడం కుదిరే పనేనా?

నిద్రలేని_నాన్న
మొదట చిన్నదానికి వాంతులు. తెల్లారేసరికి ఆడుకుంటోంది, హమ్మయ్య అనుకున్నాం. ఆ వెంటనే మా ఆవిడ పడింది, ఆమె లేచి తిరిగేలోపు పెద్దవాడు, చివరికి నేను. ప్రతి గదిలో శానిటైజర్ సీసా ఉంది, ఎవరు ఎవర్ని ముట్టుకున్నా వెంటనే రాసుకుంటూనే ఉన్నాం, అయినా వరసపెట్టి అందరికీ వచ్చింది. డాక్టర్ గారు "వైరల్, అదే తగ్గుతుంది, నీళ్ళు బాగా తాగండి" అని పంపించేశారు. తగ్గింది, కాదనను. నాకు అర్థం కానిది ఇది ఒకరి నుంచి ఇంకొకరికి ఎలా పాకుతోందన్నదే. గాల్లోనా, నీళ్ళలోనా, చేతులతోనా? ఆపే దారి నిజంగా ఉందా, లేక ఒకరికి వస్తే మిగతావాళ్ళు వంతు కోసం లైన్లో నిలబడాల్సిందేనా? "ఇమ్యూనిటీ పెంచుకోండి" అనేవాళ్ళు మాత్రం దయచేసి ఈ ఒక్కసారికి ఊరుకోండి.

హాస్టల్_పక్షి
లైన్లో నిలబడాల్సిందే అన్నా. మా హాస్టల్లో ఒక ఫ్లోర్ ఫ్లోరంతా పడిపోయింది. బాత్రూం ముందు టోకెన్లు ఇవ్వడం ఒక్కటే తక్కువ.

వంటింటి_మేనేజర్
ముందు బయట ఏం తిన్నారో చెప్పండి. ఎప్పుడు చూసినా బయట తిండి దగ్గరే తేలుతుంది ఇది.

నిద్రలేని_నాన్న
బయట ఏమీ తినలేదండీ. అయినా తిండి వల్లే అయితే నలుగురికీ ఒకేసారి రావాలి కదా, ఇలా సీరియల్లాగా ఎందుకు వస్తుంది?

ల్యాబ్_కోటు
మంచి పాయింట్ పట్టారు. ఒకేసారి పడిపోతే అందరూ తిన్న తిండినో తాగిన నీళ్ళనో అనుమానించాలి. ఒకటి రెండు రోజుల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి వస్తే మనిషి నుంచి మనిషికి పాకుతున్నట్టు. ఇలా ఇల్లంతా చుట్టబెట్టేది ఎక్కువగా నోరోవైరస్. రోటా, ఆస్ట్రో, సాపో, కొన్ని రకాల అడినోవైరస్‌లు కూడా ఉన్నాయి గానీ పెద్దా చిన్నా తేడా లేకుండా అందర్నీ పడేసేది ఇదే.

శానిటైజర్ విషయానికొస్తే, ఫ్లూకీ కరోనాకీ వైరస్ పైన కొవ్వు పొర ఉంటుంది, ఆల్కహాల్ ఆ పొరని చెడగొడుతుంది, పని అయిపోతుంది. నోరోకి ఆ పొరే లేదు, ఉన్నది గట్టి ప్రొటీన్ పెంకు. అందుకే ఆల్కహాల్‌కి పెద్దగా లొంగదు. నిజానికి సబ్బు కూడా దాన్ని చంపదు. కాకపోతే సబ్బు నురగతో రుద్ది, ధారగా పడే నీళ్ళ కింద కడిగితే చర్మం మీద నుంచి ఊడి నీళ్ళతో పాటు పోతుంది. శానిటైజర్ రాసుకుంటే అక్కడే ఉంటుంది, పైగా చెయ్యంతా పరుచుకుంటుంది.

ఇంకో సంగతి, ఎంత చిన్న మోతాదు చాలు అన్నది. జబ్బు మనిషి మలం ఒక్క గ్రాములో వందల కోట్ల కణాలు ఉండొచ్చు. ఇంకొకరికి రావడానికి పదుల్లో వెళితే చాలు. కొంచెమే కదా అంటింది అనే మాట దీని దగ్గర చెల్లదు.

లాజిక్_లక్ష్మి
అయితే శానిటైజర్ సీసా మీద 99.9 శాతం క్రిములు చస్తాయని రాసేది అబద్ధమా?

ల్యాబ్_కోటు
అబద్ధం కాదు లక్ష్మి గారూ, ఏ క్రిములో చెప్పరు, అంతే. మనుషులకి వచ్చే నోరోవైరస్‌ని ల్యాబ్‌లో పెంచడం దశాబ్దాల పాటు ఎవరి వల్లా కాలేదు. 2016లో గానీ, మానవ పేగు మూలకణాల నుంచి పెంచిన బుల్లి పేగు కణజాలంలో దాన్ని పెంచగలిగారు. అంతకుముందు పరీక్షల్లో చాలావరకు పిల్లులకీ ఎలుకలకీ వచ్చే దాని చుట్టాల మీద చేసినవే. చుట్టం చచ్చిందంటే అసలుది కూడా చస్తుందని గ్యారంటీ ఏముంది? దగ్గర్లో నీళ్ళు లేనప్పుడు శానిటైజర్ వాడండి, ఏమీ లేనిదానికంటే నయం. సబ్బు బదులుగా మాత్రం వాడకండి.

హాస్టల్_పక్షి
పిల్లికీ ఎలుకకీ ఒకే జబ్బు చుట్టరికమా, భలే.

వంటింటి_మేనేజర్
మనిషి నుంచి మనిషికి సరే, మొదటి మనిషికి ఆకాశం నుంచి ఊడిపడిందా? ఎక్కడో ఎవరో ఏదో తిన్నారు. మా చుట్టాలావిడకి మధ్యాహ్నం బయట తిన్న అరగంటకే వాంతులు. కళ్ళారా చూశాను.

నర్సక్క
అరగంటలో వస్తే అది వైరస్ అయ్యే అవకాశం దాదాపు లేదమ్మా. అంత తొందరగా వచ్చేది తిండిలో ముందే తయారై ఉన్న విషం వల్ల, కొన్ని బ్యాక్టీరియాలు అలా చేస్తాయి, అరగంట నుంచి కొన్ని గంటల్లోనే కక్కించేస్తాయి. నోరో అయితే లోపలికి వెళ్ళాక 12 నుంచి 48 గంటలు పడుతుంది. అందుకే చివర తిన్న తిండినే అందరూ తిడతారు, అసలు దోషి నిన్నటిదో మొన్నటిదో. మా వార్డుకి వచ్చేవాళ్ళలో ప్రతి ఒక్కరూ చివరి భోజనం మీదే కేసు పెడతారు.

మొదటి మనిషికి తిండి వల్ల రావొచ్చు, అందులో మీతో నాకు గొడవ లేదు. కానీ ఆ తిండిలోకి వైరస్ ఎలా వచ్చింది? సరిగ్గా ఉడకని ఆల్చిప్పల్లాంటివి, మురుగు కలిసిన నీళ్ళు పారించిన పంట, లేదంటే వండాక, వడ్డించేటప్పుడు తాకిన చెయ్యి. ఉడికేటప్పుడు చచ్చినా ఆ తర్వాత పెట్టిన చెయ్యి అంతా పాడుచేస్తుంది. పచ్చివి, కోసినవి, చేత్తో కలిపినవి, ఐస్ వేసినవి, వీటితోనే ఎక్కువ భయం. ఫ్రిజ్‌లో పెడితే చస్తుందనుకునేవాళ్ళున్నారు, చావదు. గడ్డకట్టించినా బతుకుతుంది.

వంటింటి_మేనేజర్
అంటే మళ్ళీ వంట చేసేవాళ్ళ మీదకే వచ్చింది నేరం. బాగుంది.

సందేహాల_పుట్ట
గాలిలో వస్తుందా లేదా ఎవరూ చెప్పలేదు. అన్నగారు అడిగిన మొదటి ప్రశ్నే అది.

ల్యాబ్_కోటు
జలుబులాగా ఊపిరితో వచ్చేది కాదు. కానీ ఒకరు పక్కన నిలబడి బళ్ళున కక్కినప్పుడు లేచే సన్నటి తుంపర చుట్టుపక్కల గాల్లోకి పోతుంది, అది నోట్లో పడొచ్చు, పడకపోయినా టేబుల్ మీద, తలుపు పిడి మీద, మంచం మీద దిగుతుంది. ఇంగ్లండ్‌లో ఒక హోటల్ విందులో ఒకావిడకి అక్కడే వాంతి అయింది. ఆ తర్వాత జబ్బుపడ్డవాళ్ళ లెక్క తీస్తే, ఆమె కూర్చున్న టేబుల్లో ఎక్కువమంది, దూరం పెరిగేకొద్దీ తక్కువ. వాళ్ళందరూ ఆమెని ముట్టుకున్నవాళ్ళు కాదు.

ఇంకోటి చెబుతాను. 2010లో అమెరికాలోని ఒరెగాన్ నుంచి పోటీలకి వెళ్ళిన అమ్మాయిల సాకర్ జట్టులో ఒకమ్మాయి హోటల్ బాత్రూంలో రాత్రంతా వాంతులు చేసుకుంది. అదే బాత్రూంలో చిరుతిళ్ళున్న సంచి ఒకటి ఉంది. ఆ అమ్మాయి ఆ సంచిని ముట్టుకోనే లేదు, మర్నాడు ఇంటికి పంపించేశారు కూడా. ఆ సంచిలోవి తిన్న మిగతా అమ్మాయిలు పడిపోయారు. రెండు వారాల తర్వాత చూసినా సంచి మీద వైరస్ దొరికింది.

రెండు_కోతుల_తల్లి
ఇప్పుడే లేచి వెళ్ళి బాత్రూంలో ఉన్న టూత్ బ్రష్‌లన్నీ అలమారాలోకి మార్చి వచ్చాను. థాంక్స్ అనాలో తిట్టాలో తెలియట్లేదు.

హాస్టల్_పక్షి
నేను భోంచేస్తూ చదువుతున్నాను. తిట్టాలి.

వేదిక_కాపలా
థ్రెడ్ పేరులోనే వాంతులు అని ఉంది, తినేటప్పుడు తెరిచినవాళ్ళకి మా బాధ్యత లేదు. కొనసాగించండి.

లాజిక్_లక్ష్మి
ల్యాబ్_కోటు గారు చెప్పినదానికి చిన్న చేర్పు. బ్రిటన్‌లో దీనికోసం ఒక కక్కే బొమ్మమనిషినే తయారుచేశారు, పేరు వామిటింగ్ లారీ. రంగు కలిపిన నీళ్ళు దాని చేత కక్కించి, ప్రత్యేకమైన లైటు వేసి చూస్తే తుంపరలు 3 మీటర్లు దాటి పడ్డాయి. మామూలు కంటికి వాటిలో చాలావరకు కనపడవు. మనం తుడిచేది కనపడినంత మేరే కదా.

హాస్టల్_పక్షి
దాని ఉద్యోగం చూశాక నా ఇంటర్న్‌షిప్ మీద గౌరవం పెరిగింది.

నిద్రలేని_నాన్న
ఇక్కడిదాకా అర్థమైంది. అయితే వాంతి పడ్డచోట ఏం చెయ్యాలి? మేం ఫినాయిల్ వేసి తుడిచాం.

నర్సక్క
ఫినాయిల్‌కి వాసన ఎక్కువ, ఈ వైరస్ మీద నమ్ముకోవడానికి లేదు. దీనికి కావలసింది బ్లీచ్.

వరస ముఖ్యం. ముందు పిల్లల్ని గదిలోంచి పంపించెయ్యండి, కిటికీ తెరవండి, గ్లవ్స్ వేసుకోండి, మాస్కు ఉంటే అదీ. కాగితాలో పాత గుడ్డలో పరిచి మొత్తం తీసేసి, కవర్లో వేసి మూతి కట్టేసి బయట పడెయ్యండి. చీపురుతో ఊడ్చొద్దు, వ్యాక్యూమ్ పెట్టొద్దు, రెండూ మళ్ళీ గాల్లోకి లేపుతాయి. తర్వాత సబ్బు నీళ్ళతో ఒకసారి తుడవండి. ఆ తర్వాతే బ్లీచ్. నేరుగా వాంతి మీదే బ్లీచ్ పోసేస్తారు చాలామంది, ఆ మురికిలోనే క్లోరిన్ ఖర్చయిపోతుంది, వైరస్ దాకా చేరదు.

ఇళ్ళలో వాడే ద్రవం బ్లీచ్ 5 శాతం ఉంటే లీటరు నీళ్ళకి కనీసం 20 మిల్లీలీటర్లు, బాగా పాడైన చోట 100 మిల్లీలీటర్ల దాకా కలపొచ్చు. సీసా మీద ఎంత శాతమో చూసుకోండి. తడిపి కనీసం 5 నిమిషాలు అలాగే వదిలెయ్యండి, వెంటనే తుడిచేస్తే లాభం లేదు. చుట్టూ కూడా తుడవండి, లక్ష్మి గారి లారీని గుర్తుపెట్టుకుని. కలిపిన నీళ్ళు ఏ రోజుకారోజు కొత్తగా కలుపుకోవాలి, నిన్నటివి పారబోసెయ్యండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, టాయిలెట్ కడిగే యాసిడ్‌తో గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ బ్లీచ్ కలపకండి. విషవాయువు వస్తుంది. కడుపు జబ్బు కోసం శుభ్రం చేస్తూ ఊపిరాడక వచ్చినవాళ్ళని చూశాను.

పాత_మాస్టారు
ఇదంతా చదువుతుంటే మనిషికి జబ్బు కంటే భయమే ఎక్కువ చేసేటట్టుంది. మా చిన్నప్పుడు బ్లీచూ లేదు గ్లవ్సూ లేవు, మట్టిలో ఆడాం, అదే నీళ్ళు తాగాం, బతికే ఉన్నాం. పిల్లల్ని ఇలా కాచి కాచి పెంచితే ఒంట్లో ఓర్పు ఎక్కడినుంచి వస్తుంది?

రెండు_కోతుల_తల్లి
బతికినవాళ్ళే ఇప్పుడు కామెంట్ పెట్టగలరు మాస్టారూ.

ల్యాబ్_కోటు
మాస్టారు గారి మాటలో సగం నిజం ఉంది, ఆ సగం చెప్పాలి. రోటావైరస్ అని ఒకటుంది, 1973లో మెల్‌బోర్న్‌లో రూత్ బిషప్ బృందం పసిపిల్లల పేగు నమూనాల్లో దాన్ని కనిపెట్టింది. టీకా రాకముందు లోకంలో దాదాపు ప్రతి బిడ్డకీ అయిదేళ్ళు నిండేలోపు ఒక్కసారైనా వచ్చేది. శుభ్రమైన నీళ్ళు, మంచి డ్రైనేజీ ఉన్న ధనిక దేశాల్లోనూ అంతే. అంటే శుభ్రత ఒక్కదానితో అది ఆగలేదు. మొదటిసారి వచ్చినప్పుడు తీవ్రంగా ఉండేది, తర్వాత్తర్వాత తేలిక. ఆ ఓర్పు వచ్చేలోపు ఒంట్లో నీళ్ళు ఇంకిపోయి పోయిన పిల్లల లెక్క ఏటా లక్షల్లో ఉండేది. 2006 నుంచి వాడుకలోకి వచ్చిన చుక్కల టీకాలు చేసే పని మాస్టారు కోరుకున్నదే, ఓర్పు నేర్పడం, కాకపోతే ఆ మొదటి దెబ్బ తగలకుండా. నెలల పసికందులకే ఇస్తారు, వయసు దాటితే మొదలుపెట్టరు కాబట్టి వాయిదా వెయ్యొద్దు.

నోరోకి మాత్రం ఆ ఓర్పు కథ నడవదు. రకాలు చాలా ఉన్నాయి, ఒకదాని మీద వచ్చిన రక్షణ ఇంకోదాని మీద పనిచెయ్యకపోవచ్చు, వచ్చింది కూడా ఎన్నాళ్ళో నిలవదు. అందుకే జీవితంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. జనం చేతికి వచ్చిన టీకా దీనికి ఇంకా లేదు.

పాత_మాస్టారు
టీకా మాట ఒప్పుకుంటాను. గ్లవ్స్ మాట ఒప్పుకోను.

నర్సక్క
మీరు తుడవకపోతే గ్లవ్స్ అక్కర్లేదు లెండి మాస్టారూ. తుడిచేవాళ్ళకే అవి.

వంటింటి_మేనేజర్
నర్సక్కా, ఈ థ్రెడ్ మొత్తంలో నాకు నచ్చిన మాట ఇది.

సందేహాల_పుట్ట
మా ఇంట్లో రెండుసార్లు అందరికీ వచ్చింది, నాకు ఒక్కసారీ రాలేదు. అదే ఇల్లు, అదే బాత్రూం, అదే తిండి. నేను ప్రత్యేకంగా ఏమీ చెయ్యను, చేతులు కడుక్కోవడం కూడా అంతంతమాత్రమే, అడిగారు కాబట్టి కాదు నిజం చెబుతున్నా.

హాస్టల్_పక్షి
ఎవరూ అడగలేదు.

ల్యాబ్_కోటు
రెండు రకాలుగా జరగొచ్చు. ఒకటి, మీకు వచ్చింది కానీ లక్షణాలు లేవు, అలా పైకి కనపడకుండా వచ్చేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళ నుంచి కూడా వైరస్ బయటికి వస్తుంది కాబట్టి "అంతంతమాత్రం" సంగతి ఒకసారి ఆలోచించండి. రెండోది జన్యువుల సంగతి. నోరోవైరస్ పేగు గోడని పట్టుకోవడానికి అక్కడ కొన్ని చక్కెర అణువులు కావాలి, అవి అక్కడ తయారవడం ఎఫ్‌యూటీ2 అనే జన్యువు మీద ఆధారపడి ఉంటుంది. ఆ జన్యువు పనిచెయ్యనివాళ్ళని కొన్ని రకాల నోరో ఏమీ చెయ్యలేదు. ఐరోపా మూలాలవాళ్ళలో ఇలాంటివాళ్ళు సుమారు 20 శాతం. అన్ని రకాల నుంచీ రక్షణ మాత్రం కాదు.

సందేహాల_పుట్ట
అంటే నేను మ్యూటెంట్‌ని. ఇవాళ్టికి ఇది చాలు.

చిరుగాలి
టాయిలెట్ ఫ్లష్ చేసేటప్పుడు మూత వెయ్యండి, సగం సమస్య అక్కడే తీరుతుంది. ఎవరూ చెప్పలేదేంటి?

ల్యాబ్_కోటు
చెప్పకపోవడానికి కారణం ఉంది. 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో మూత వేసీ వెయ్యకా రెండు రకాలుగా ఫ్లష్ చేసి, చుట్టుపక్కల వైరస్ ఎంత పడిందో కొలిచారు. చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తేడా కనిపించింది క్రిమిసంహారకం వేసి బ్రష్‌తో కడిగినప్పుడే.

చిరుగాలి
అయినా నేను మూత వేస్తాను.

ల్యాబ్_కోటు
వెయ్యండి, నష్టమేం లేదు. వేశాం కదా అని కడగడం మానొద్దు, అంతవరకే నా మాట.

నిద్రలేని_నాన్న
మా ఇంట్లో బాత్రూం ఒక్కటే. జబ్బుపడ్డవాళ్ళకి వేరే బాత్రూం ఇవ్వండి అని అన్ని చోట్లా రాస్తారు. ఒక్కటే ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలి?

నర్సక్క
ఒక్కటే ఉంటే చెయ్యి పడే చోట్ల మీద మనసు పెట్టండి. ఫ్లష్ బటన్, కుళాయి తిప్పే పిడి, తలుపు గడియ, లైటు స్విచ్, మగ్గు పిడి, సీటు. జబ్బు మనిషి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ కాకపోయినా వీలైనన్నిసార్లు బ్లీచ్ నీళ్ళ గుడ్డతో తుడవండి. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళకే, అదీ బాత్రూం బయట. ఆ మనిషికి మంచం పక్కనే ఒక బకెట్టు పెట్టెయ్యండి, బాత్రూం దాకా పరిగెత్తుతూ దారి పొడుగునా కక్కడం తప్పుతుంది.

చేతులు కడగడం అంటే చాలామంది నీళ్ళు చూపించి వచ్చేస్తారు. సబ్బుతో 20 సెకన్లు, గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, బొటనవేలు చుట్టూ. కుళాయి తిప్పిన చెయ్యి మురికిది, కడిగాక అదే కుళాయిని కట్టాలి, కాబట్టి సబ్బు నురగతో కుళాయిని కూడా ఒకసారి రుద్దెయ్యండి. బాత్రూంకి వెళ్ళొచ్చాక, డైపర్ మార్చాక, వండే ముందు, తినే ముందు. ఇవి నాలుగూ తప్పకపోతే మిగతాది కొంచెం అటూ ఇటూ అయినా పర్లేదు.

లాజిక్_లక్ష్మి
ఫోను మర్చిపోయారు. బాత్రూంలోకి ఫోను తీసుకెళ్ళి, బయటికొచ్చి చేతులు శుభ్రంగా కడుక్కుని, అదే ఫోను పట్టుకుని తినడానికి కూర్చునేవాళ్ళు ఈ థ్రెడ్‌లో ఎంతమంది?

హాస్టల్_పక్షి
పర్సనల్ ప్రశ్నలు వద్దు.

ల్యాబ్_కోటు
లక్ష్మి గారు అన్నది చిన్న విషయమేం కాదు. వైరస్ అంటిన వేలితో వరసగా ముట్టుకుంటూ పోతే ఏడు శుభ్రమైన వస్తువుల దాకా అంటుకుందని ఒక ప్రయోగంలో తేలింది. గట్టి ఉపరితలాల మీద ఇది రోజుల తరబడి ఉండగలదు.

రెండు_కోతుల_తల్లి
బట్టల సంగతి చెప్పండి ఎవరైనా. మావాడు దుప్పటి, దిండు, వాడి చొక్కా, నా చీర అన్నీ ఒకే దెబ్బకి ముంచేశాడు పోయినసారి.

నర్సక్క
దులపొద్దు, ఒంటికి ఆనించుకుని మొయ్యొద్దు. మీద ఉన్నది తీసేసి, మిగతావాళ్ళ బట్టల్లో కలపకుండా విడిగా, బట్ట తట్టుకున్నంత వేడి నీళ్ళలో ఎక్కువసేపు ఉతకండి, 60 డిగ్రీలు లేదా పైన పెట్టగలిగితే మంచిది. డ్రయ్యర్ ఉంటే బాగా వేడి మీద ఆరబెట్టండి. మెషీన్‌లో వేశాక చేతులు కడుక్కోండి, చాలామంది ఇక్కడే మర్చిపోతారు.

చిరుగాలి
వెనిగర్, ద్రాక్షరసం తాగితే కడుపులో ఆమ్లం మారి వైరస్ చస్తుందని చదివాను. ఇంట్లో ఒకరికి రాగానే మిగతావాళ్ళు మూడు పూటలా తాగాలట.

ల్యాబ్_కోటు
కడుపులోని ఆమ్లాన్ని దాటి పేగుల్లోకి వెళ్ళే వైరస్ ఇది, అలా దాటగలదు కాబట్టే ఈ జబ్బు వస్తోంది. ద్రాక్షరసం దాన్నేం చేస్తుంది? పైగా విరేచనాలు మొదలయ్యాక తియ్యటి రసాలు, కూల్‌డ్రింకులు తాగితే ఆ చక్కెర పేగుల్లోకి ఇంకా నీళ్ళు లాగుతుంది, మోషన్స్ పెరుగుతాయి. రానివాళ్ళు ఇష్టమైతే తాగండి, మందు అనుకుని మాత్రం తాగకండి.

హాస్టల్_పక్షి
యాంటీబయాటిక్ వేసుకుంటే ఒక్కరోజులో తగ్గిందని మా రూమ్మేట్ ప్రమాణం చేసి చెబుతున్నాడు.

నర్సక్క
వేసుకోకపోయినా తగ్గేది తమ్ముడూ. ఎక్కువమందికి ఒకటి నుంచి మూడు రోజుల్లో అదే తగ్గుతుంది. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచెయ్యదు, పైగా ఉన్న విరేచనాలకి తోడు కొత్తవి తెచ్చిపెట్టొచ్చు.

రెండు_కోతుల_తల్లి
నీళ్ళు తాగించండి అంటారు డాక్టర్లు, చెంచాడు పోస్తే గ్లాసుడు కక్కుతాడు. ఎలా తాగించాలి?

నర్సక్క
కక్కాక 10 నిమిషాలు ఆగండి. తర్వాత ఓఆర్‌ఎస్ ఒక్కో చెంచా, ఒకటి రెండు నిమిషాలకి ఒకటి. దాహంగా ఉందని గ్లాసు ఇస్తే గటగటా తాగేసి మళ్ళీ కక్కేస్తారు. ఓపిక పరీక్షే, కానీ పనిచేస్తుంది. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసి ఉంటే అన్నే పొయ్యండి, చిక్కగా కలిపితే బలం అనుకోవద్దు, పిల్లలకి ప్రమాదం. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, టీ చెంచాతో, పైన గీసి సమంగా చేసి. ఉప్పు ఎక్కువైతే హాని, అనుమానంగా ఉంటే పారబోసి మళ్ళీ కలపండి. కలిపింది 24 గంటలు దాటితే వాడొద్దు. తల్లిపాలు తాగే బిడ్డకి పాలు ఆపొద్దు. చిన్నపిల్లలకి విరేచనాలుంటే జింకు కూడా ఇస్తారు, మోతాదు డాక్టర్ని అడగండి.

విరేచనాలు ఆపే మాత్రలు పిల్లలకి సొంతంగా వెయ్యకండి. రక్తం పడినా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు లేకపోయినా, కళ్ళు లోపలికి పోయినా, లేపితే సరిగ్గా లేవకపోయినా, జ్వరం బాగా ఉన్నా ఇక్కడ పోస్ట్ పెట్టి కూర్చోకుండా ఆస్పత్రికి వెళ్ళండి. పసివాళ్ళకీ ముసలివాళ్ళకీ ఇంకా తొందరగా.

పాత_మాస్టారు
ఉప్పు చక్కెర నీళ్ళు మా కాలంలోనూ ఉన్నాయి. ఇది మాత్రం ముద్దుగా ఒప్పుకుంటాను.

సందేహాల_పుట్ట
వాంతులు తగ్గాక ఎన్నాళ్ళకి బడికి, ఆఫీసుకి వెళ్ళొచ్చు? మా మేనేజర్ "తగ్గిందిగా, రా" అంటాడు.

నర్సక్క
చివరి వాంతి లేదా విరేచనం అయిన దగ్గర్నుంచి 48 గంటలు ఇంట్లోనే. అప్పటిదాకా ఇంకొకరికి వండొద్దు, వడ్డించొద్దు. ఆ తర్వాత కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మలంలో వైరస్ వస్తూ ఉంటుంది, అందుకే తగ్గింది కదా అని చేతులు కడగడం సడలించకూడదు. మీ మేనేజర్‌కి చెప్పండి, ఒకరికి రెండు రోజులు సెలవిస్తే చవక, ఆఫీసు మొత్తానికి ఇవ్వాలంటేనే ఖరీదు.

వంటింటి_మేనేజర్
48 గంటలు వండొద్దు అంటే ఎంత తేలిగ్గా అనేశారు. ఇంట్లో వండేదాన్ని నేనొక్కదాన్నే. పోయినసారి అందరికంటే ముందు నాకే వచ్చింది, లేవలేకపోయినా స్టవ్ దగ్గర నిలబడ్డాను. ఎవరూ వద్దనలేదు, "పాపం" అన్నారు, తిన్నారు, తర్వాత వాళ్ళూ పడ్డారు. మళ్ళీ వాళ్ళ వాంతులు ఎత్తిందీ నేనే. ఈ థ్రెడ్‌లో బ్లీచ్ లెక్క ఉంది, ఓఆర్‌ఎస్ లెక్క ఉంది, ఆ రెండు రోజులు గరిటె ఎవరు పట్టుకోవాలో ఎవరూ రాయలేదు.

లాజిక్_లక్ష్మి
దీనికి వంద లైకులు కొట్టే వీలుంటే కొట్టేదాన్ని. వైరస్ పాకే దారిలో ఇదొకటి, ఇది మాత్రం ఏ మైక్రోస్కోపుకీ కనపడదు.

నిద్రలేని_నాన్న
మా ఇంట్లో కూడా ఆ రెండో రోజు వంట మా ఆవిడే చేసిందండీ. ఇప్పుడు లెక్క చూస్తే పెద్దవాడికి వచ్చింది ఆ తర్వాతే.

హాస్టల్_పక్షి
అన్నా, ఈ థ్రెడ్ వదినగారికి చూపించకు.

నిద్రలేని_నాన్న
పక్కనే కూర్చుని చదువుతోంది. ఆవిడ ప్రశ్న ఒకటి అడగమంటోంది. పరుపు మీద, సోఫా మీద బ్లీచ్ వేస్తే రంగు పోతుంది కదా, వాటినేం చెయ్యాలి?

నర్సక్క
మురికి తీసేసి సబ్బు నీళ్ళ గుడ్డతో అద్ది, ఆవిరితో శుభ్రం చేసే మెషీన్ దొరికితే దానితో పట్టండి. 70 డిగ్రీల వేడి 5 నిమిషాలు తగలాలి, 100 డిగ్రీల ఆవిరైతే ఒక నిమిషం. ఉతకడానికి వీలైన గలీబులన్నీ విప్పి వేడి నీళ్ళలో వెయ్యండి. దిండు లోపలిదాకా తడిసి, ఉతకడానికి వీలుపడనిదైతే దానితో కుస్తీ పట్టకుండా పారెయ్యండి.

నిద్రలేని_నాన్న
చదివింది. దిండుతో పాటు సోఫా కూడా లోపలిదాకా తడిసిందని ఇప్పుడే తేల్చింది.